గుంపులో ఉన్నవాడికి కనిపించదు

మన పత్రికల్లో ఒక మాట పాతుకుపోయింది: తొక్కిసలాట. జనం ఒకరిమీద ఒకరు పడి ఎక్కడ ప్రాణాలు పోయినా మర్నాడు శీర్షిక అదే. ఆ మాటలోనే ఒక తీర్పు దాగి ఉంది. పెనుగులాట, కుమ్ములాట వరసలో చేరి, ఇదీ జనం తమలో తాము కలబడి చేసుకున్న పనిలాగే వినిపిస్తుంది. ఎవరో తొక్కారు, ఎవరో పడ్డారు, తొక్కినవాళ్ళూ ఆ గుంపులోవాళ్ళే. ఇంక అడగడానికి ఏముంది? పిలిచినవాళ్ళు, అనుమతి ఇచ్చినవాళ్ళు, గేట్లు కట్టినవాళ్ళు ఆ మాట చాటుకు తప్పుకుంటారు.

జరిగేది వేరు. ఇలాంటి చోట్ల పోయినవారిలో ఎక్కువమంది ఊపిరాడక పోయినవాళ్ళే. కొందరైతే నిలబడినచోటనే పోతారు. చదరపు మీటరంటే నులక మంచంలో సగానికి కాస్త ఎక్కువ జాగా. అందులో నలుగురుంటే భుజాలు తగులుతున్నా కదలవచ్చు. ఆరుగురు, ఏడుగురు చేరితే అడుగు ఎటు వెయ్యాలన్నది ఇక మన చేతిలో ఉండదు. వెనక ఎక్కడో ఒకరు తూలితే ఆ తోపు అలలా ముందుకు వచ్చి, గోడ దగ్గరో గేటు దగ్గరో నిలిచిన మనిషి రొమ్ము మీద పడుతుంది. ఇనుప కమ్మీలు వంగిపోయేంత బలం అది. రొమ్ము విచ్చుకోవడానికి చోటు లేక గాలి లోపలికి పోదు. ఇందులో పగ లేదు, తొందరపాటు కూడా అంతగా లేదు. ముందున్నవాడికి ప్రమాదం తెలుసు, కానీ వెనక్కి చెప్పలేడు. వెనకున్నవాడు ఆగగలడు, కానీ అతనికి సంగతి తెలియదు. రెండు చివరలూ ఒకేసారి కనిపించేది పైనుంచి చూసేవాడికే. వినోదాల దగ్గర భద్రత ఎవరి పూచీ అన్న ప్రశ్నకు నా జవాబు ఇక్కడే మొదలవుతుంది. ఎవరికి ఎంత కనిపిస్తుందో, ఎవరి చేతిలో ఎంత ఉందో, బాధ్యత కూడా వారికి అంతే.

ఈ మాట చెప్పడం తేలికే, ఒప్పించడానికి ఇంగ్లండుకు 27 ఏళ్ళు పట్టింది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ సెమీఫైనల్. బయట గేట్ల దగ్గర రద్దీ పెరిగిందని పోలీసులు నిష్క్రమణ గేటు తెరిచారు. లోపలికి వచ్చిన జనం ఎదురుగా కనిపించిన సొరంగ మార్గంలోంచి, అప్పటికే నిండిపోయిన కంచెల మధ్యకు నడిచిపోయారు. పక్కనున్న అరల్లో ఖాళీ ఉందని వాళ్ళకు తెలియదు. ఆ సొరంగం మూసి జనాన్ని పక్కలకు మళ్ళించి ఉంటే సరిపోయేది. మొత్తం 97 మంది పోయారు. తాగివచ్చిన అభిమానులే కారణమన్న ప్రచారం ఆ రోజే మొదలైంది. అదే ఏడాది జస్టిస్ టేలర్ తన నివేదికలో పోలీసు అదుపు విఫలం కావడమే ప్రధాన కారణమని చెప్పినా ఆ నింద చెరగలేదు. ఇవి చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలనీ, అభిమానుల తప్పేమీ లేదనీ జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ 27 ఏళ్ళూ బిడ్డ పేరు మీద పడ్డ మచ్చ తుడవడానికే కోర్టుల చుట్టూ తిరగవలసి రావడం నాకు ఆ మరణమంత బాధగానూ తోస్తుంది.

మన సంగతికి వస్తాను. నా చిన్నప్పుడు మా ఊరి సినిమా హాల్లో నేల టికెట్టు కోసం ఒక సందు ఉండేది. రెండు ఇటుక గోడలు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి, పైన ఇనుప వల, చివర చెయ్యి దూరేంత కంత. పన్నెండేళ్ళ వయసులో ఒక కొత్త సినిమా మొదటిరోజు ఆ సందులో ఇరుక్కున్నాను. కాళ్ళు నేలకు ఆనలేదు. వీపు వెనక ఎవరి గుండె కొట్టుకుంటోందో నాకు వినిపించింది. బొత్తాలు తెగి, చెమటతో తడిసి, చేతిలో రెండు టికెట్లతో బయటపడినప్పుడు స్నేహితులు నన్ను వీరుడిలా చూశారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సందుకు పక్కన తలుపు లేదని చాలా ఏళ్ళ తరువాత గాని తట్టలేదు. మామూలు రోజుల్లో వరసను నిలబెట్టడానికి కట్టిన గోడే రద్దీ రోజున తప్పించుకునే దారి లేకుండా చేస్తుంది. హిల్స్‌బరోలో జనాన్ని నొక్కింది కూడా, మైదానంలోకి దూకకుండా వేసిన కంచే.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటరు దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్‌కు కథానాయకుడు వచ్చాడు. ఆ తోపులాటలో కుటుంబంతో సినిమాకు వచ్చిన ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్ళాడు. తరువాత కొన్ని వారాలపాటు రాష్ట్రమంతా ఒకే చర్చ: హీరోను అరెస్టు చెయ్యడం న్యాయమా కాదా? బందోబస్తు అడిగామని థియేటరు వైపు నుంచి, హీరో రావద్దని ముందే చెప్పామని పోలీసుల వైపు నుంచి కాగితాలు బయటికి వచ్చాయి. ఎవరి తప్పు ఎంతో కోర్టు తేలుస్తుంది. నన్ను కలతపెట్టింది ఆ కాగితాలే. ప్రమాదం ఉందని రెండు పక్షాలకూ ముందే తెలుసునని అవే సాక్ష్యం చెబుతున్నాయి. తెలియనిది టికెట్టు కొనుక్కుని పిల్లాణ్ణి వెంటబెట్టుకు వచ్చిన కుటుంబానికి మాత్రమే. ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి గాని, గేటు దగ్గర నిలబడి 'ఇప్పుడు వద్దు, ఆగండి' అనే అధికారం ఎవరిదో ఏ కాగితమూ తేల్చలేదు.

ఆరు నెలలు తిరిగేసరికి బెంగళూరు. 2025 జూన్ 3 రాత్రి ఆ నగరం జట్టు ఐపీఎల్ కప్పు గెలిచింది, మర్నాడే చిన్నస్వామి స్టేడియంలో విజయోత్సవమన్నారు. రమ్మన్న పిలుపు సోషల్ మీడియాలో వెళ్ళింది. ప్రవేశం ఉచితం. స్టేడియంలో సీట్లు సుమారు 35 వేలు, వచ్చింది లక్షల్లో. గేట్ల దగ్గర 11 మంది పోయారు. వేడుకకు టికెట్టు అక్కర్లేదన్నప్పుడు ఎంతమంది వస్తారో చెప్పే ఒకే ఒక లెక్కను చేతులారా వదులుకున్నట్టే. జూలై 1న కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, సస్పెండైన ఒక పోలీసు అధికారి కేసులో, అంత జనం చేరడానికి ప్రథమదృష్ట్యా ఆ క్రికెట్ జట్టుదే బాధ్యత అని, పోలీసులూ మనుషులే గాని దేవుళ్ళూ మాంత్రికులూ కారని వ్యాఖ్యానించింది. పన్నెండు గంటల వ్యవధిలో లక్షలమందికి ఏర్పాట్లు ఎవరూ చెయ్యలేరన్నది నిజమే. కానీ కుదరని పనికి 'కుదరదు' అని చెప్పవలసినవాళ్ళు కూడా ఉండాలి కదా.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడండి. క్రీడా మైదానాల భద్రత మీద బ్రిటన్ వాడే మార్గదర్శి ప్రకారం, సమతలం మీద మీటరు వెడల్పున్న దారిలోంచి నిమిషానికి దాటగలిగేది 82 మంది. మెట్లయితే 66. మూడు మీటర్ల గేటు ఒకటి తెరిస్తే నిమిషానికి దాదాపు 246 మంది. పదివేలమంది ఆ గేటు దాటడానికి 40 నిమిషాలు పైనే కావాలి. ఆట ఇంకో పది నిమిషాల్లో మొదలవుతుందని లోపల మైకు అరుస్తుంటే, బయట మిగిలిన ఏడున్నర వేలమంది ఏం చేస్తారో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఈ గుణకారం ఐదో తరగతి పిల్లలు చేస్తారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఉప్పల్ మ్యాచ్ టికెట్లు అమ్మినప్పుడు జనం గాయపడ్డారు. అక్కడా తప్పింది ఈ గుణకారమే. కౌంటర్ల సంఖ్యనీ వచ్చే జనాన్నీ పక్కపక్కన రాసుకుని ఉంటే ఆ ఉదయమే తెలిసిపోయేది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జనసమ్మర్దాల నిర్వహణ మీద 2014లోనే ఒక మార్గదర్శిని అచ్చువేసింది. ఎంతమంది పడతారో ముందే లెక్కించమని అదీ చెబుతుంది.

నీళ్ళ మీద వినోదం ఇంకో తరహా. అక్కడ గుంపు చిన్నది, ప్రమాదం లోతుది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. వరద రోజులవి. చుట్టుపక్కల గూడేలవాళ్ళు నాటు పడవలు వేసుకొచ్చి దొరికినవారిని ఒడ్డుకు చేర్చారు. బోటును బయటికి తీసేసరికి నెల దాటింది. నాకు మరువురాని సంగతి వేరే ఉంది. బోటులో ఎంతమంది ఎక్కారన్న లెక్క రోజులపాటు మారుతూ వచ్చింది. టికెట్టు తీసుకుని, డబ్బు లెక్కపెట్టుకుని, మనుషుల్ని మాత్రం లెక్కపెట్టలేదు. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు, కార్తీకమాసంలో, కృష్ణమ్మ పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని బోటు తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. ఆ బోటుకు అనుమతి ఉందో లేదో రేవులో ఎక్కే ప్రయాణికుడికి తెలిసే మార్గం ఏమిటి? కచ్చులూరులో లైఫ్ జాకెట్టు వేసుకోవడం, తియ్యకుండా ఉండడం మాత్రం ప్రయాణికుడి చేతిలోని పని, దాన్ని ఒప్పుకోవాలి. ఎండగా ఉందని, ఫొటోలు బాగా రావని జాకెట్టు విప్పేవాళ్ళను పాపికొండల దారిలో నేనూ చూశాను. కానీ వరద ప్రవాహంలో నది మలుపు తిరగవచ్చా లేదా అన్నది సరంగుకీ, నది మట్టం కొలిచే శాఖకీ తప్ప వేరెవరికీ తెలియదు. జాకెట్టు బాధ్యత పదిపాళ్ళయితే మలుపు బాధ్యత తొంభై పాళ్ళు.

పాళ్ళ మాట ఊరికే అనడం లేదు. మన న్యాయస్థానాలు ఆ పని నిజంగానే చేశాయి. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వారితో ఉన్న టూర్ నిర్వాహకుడు హిమాచల్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎండిన రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే, పైన లార్జి ప్రాజెక్టు వదిలిన నీరు నిమిషాల్లో మీదికి వచ్చింది. పిల్లలు నదిలోకి దిగడం వాళ్ళ తప్పేనన్నవాళ్ళు అప్పుడు చాలామంది. హిమాచల్ హైకోర్టు 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వమని, ఆ భారాన్ని విద్యుత్తు బోర్డుకు 60 పాళ్ళు, కళాశాలకు 30, రాష్ట్ర ప్రభుత్వానికి 10 చొప్పున పంచింది. నది ఎప్పుడు పొంగుతుందో తెలిసింది గేటు తిప్పే చేతికి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళినవాళ్ళకు తెలుసుకోవలసిన బాధ్యత ఉంది. చదువుకున్న ఇరవై ఏళ్ళవాళ్ళే అయినా, ఎండిన రాళ్ళు వాళ్ళకేమీ చెప్పలేదు.

దానికి ముందు ఉప్‌హార్. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఆ థియేటరులో, కింద పార్కింగులోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ లేచి, బాల్కనీలో ఇరుక్కున్న 59 మంది పోయారు. అదనపు సీట్ల కోసం నడవాలు మూసేశారు, ఒక దారిని ప్రైవేటు బాక్సు కోసం అడ్డుకట్టారు. సుప్రీంకోర్టు 2011లో నష్టపరిహారాన్ని యజమానులకు 85 పాళ్ళు, విద్యుత్తు బోర్డుకు 15 పాళ్ళుగా విభజించి, లైసెన్సు ఇచ్చినవారిని, నగరపాలక సంస్థను ఆ భారం నుంచి తప్పించింది. ఆ చివరి భాగం నాకు ఈనాటికీ మింగుడుపడదు. తనిఖీ చెయ్యవలసినవాడు కళ్ళు మూసుకుంటే, అతనికి కనిపించలేదు కాబట్టి బాధ్యత లేదనడం ఎలా? చూడగలిగే స్థానంలో కూర్చోబెట్టినందుకే కదా జీతం.

క్రిమినల్ చట్టం దారి వేరు. నిర్లక్ష్యంవల్ల చావుకు కారణమైతే పాత ఐపీసీలో 304ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 106. తెలిసీ చేసినట్టయితే 105. ప్రతి సంఘటన తరువాతా ఈ రెండింటి మధ్య ఏది పెట్టాలన్నదే ఎఫ్ఐఆర్ గొడవ. దానివల్ల అందరి దృష్టీ ఎవర్ని జైల్లో పెడతారన్నదాని మీదకు పోయి, ఒక ముఖం దొరికితే చాలన్నట్టు అయిపోతుంది. ఒక్క మనిషి చేసిన తప్పువల్ల ఇవి జరగడం అరుదు. పది చిన్న చిన్న ఉపేక్షలు ఒకే గేటు దగ్గర కలుసుకుంటాయి. అందుకే పాళ్ళ లెక్కే నాకు సత్యానికి దగ్గరగా కనిపిస్తుంది. అందులోని దోషం ఒక్కటే, అది పద్నాలుగేళ్ళ తరువాత వస్తుంది. ఉప్‌హార్‌లో అలాగే వచ్చింది. ఆ వాటాలు వేడుకకు ముందే రాసుకోవచ్చు. అనుమతి పత్రంలో గేటుకొక పేరు, జనం ఎంత దాటితే లోపలికి వదలకూడదో ఒక అంకె, కార్యక్రమాన్ని ఆపించే అధికారం ఉన్న ఒకే ఒక మనిషి సంతకం ఉండాలి. ఆ మనిషి నిర్వాహకుల జీతగాడు కాకూడదు.

'మీ రిస్కు మీదే' అన్న బోర్డు సంగతి కూడా చెప్పాలి. టికెట్టు వెనక చిన్న అక్షరాల్లో, పైకెక్కి దిగే జెయింట్ వీల్ పక్కన, ట్రెక్కింగ్ కంపెనీ పూరించమనే ఫారంలో ఆ మాటే. తెలిసి ఒప్పుకున్నవాడికి జరిగిన నష్టానికి ఇంకొకరు పూచీ కాదన్న సూత్రం న్యాయశాస్త్రంలో పాతదే, న్యాయమైనదే. బంతి వచ్చి తగలవచ్చని తెలిసే క్రికెట్టు చూడబోతాం. బంతి తగిలే ప్రమాదానికి ఒప్పుకున్నవాడు గ్యాలరీ కూలడానికి ఒప్పుకున్నట్టు కాదు. తెలియనిదాన్ని ఒప్పుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. హోటలు సిబ్బందికి తాళాలిచ్చిన కారు పోతే, 'యజమాని బాధ్యతపైనే' అని చీటీ మీద అచ్చువేసినంత మాత్రాన హోటలు తప్పించుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కారుకు దొరికిన ఆ రక్షణ తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కిన పిల్లకు దొరకాలి. దాని బోల్టులు ఎవరు చూశారో ఆ పిల్ల తండ్రి అడిగితే చూపించడానికి ఒక కాగితమైనా ఉండాలి.

నిర్వాహకుడే లేని వేడుకలు అన్నిటికంటే చిక్కు. 2022 అక్టోబరు 29న సియోల్‌లోని ఇటెవాన్‌లో హాలోవీన్‌కు వచ్చిన యువత సన్నటి వాలు సందులో నలిగి 159 మంది పోయారు. పిలిచినవారు లేరు, టికెట్లు లేవు, కాబట్టి అది ఎవరి కార్యక్రమమూ కాదు. కానీ సాయంత్రం 6.34కే 'ఇక్కడ నలిగి చచ్చేలా ఉన్నాం' అన్న మొదటి ఫోను పోలీసులకు వెళ్ళింది. ప్రాణాలు పోయిన 10.15 లోపల అలాంటివి 11. గుంపులోని మనిషి తన వంతు చేశాడు, చెప్పాడు. విన్నవాళ్ళే కదల్లేదు. ఆ తరువాత, నిర్వాహకులు లేనిచోట స్థానిక ప్రభుత్వానిదే భద్రత అని కొరియా చట్టం మార్చుకుంది. మన డిసెంబరు 31 రాత్రులు, విశాఖ ఆర్కే బీచి, కప్పు గెలిచిన రాత్రి కూడళ్ళు, అన్నీ ఆ సందు లాంటివే. వీధి ఉత్సవాలదీ అదే తంతు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం కరెంటు తీగకు తగిలి ఐదుగురు పోయారు. కాలనీ కుర్రాళ్ళకు భక్తి ఉంది, చందా ఉంది, డీజే ఉంది. తల పైన వేలాడే తీగల్లో ఏది బతికున్నదో వాళ్ళకెలా తెలుస్తుంది? ఊరేగింపు దారి వెంట ఒకరోజు ముందు లైన్‌మన్ నడిచి చూసే పద్ధతి ఉంటే, ఆ తీగ ఎత్తు రథం ఎత్తు పక్కన రాసి ఉండేది.

అలాగని గుంపులోని మనిషికి ఏమీ పట్టదని అనను. అతనికీ కొంత కనిపిస్తుంది, ముఖ్యంగా లోపలికి అడుగుపెట్టక ముందు. వచ్చిన దారి కాక ఇంకో దారి ఎక్కడుందో చూసుకోవడం, చంటిపిల్లల్ని మొదటి ఆటకు తీసుకెళ్ళకపోవడం, నాలుగువైపులా భుజాలు తగులుతున్నాయంటే ఇంకా ముందుకు పోకుండా పక్కకు జరగడం. చిక్కుకున్నాక చెయ్యగలిగింది కొంచెమే. చేతులు మడిచి రొమ్ముకు ముందు పెట్టుకోవాలి, పడిన చెప్పుకోసం, ఫోనుకోసం వంగకూడదు, తోపు వచ్చినప్పుడు ఎదురు నిలవక, అది తగ్గినప్పుడు ఏటవాలుగా అంచుకు జరగాలి. గోడలకూ కమ్మీలకూ దూరంగా ఉండాలి. ఈ నాలుగు మాటలు మన బడుల్లో చెబుతున్నట్టు నేను వినలేదు. మంటలొస్తే ఏం చెయ్యాలో నేర్పుతున్నారు, మంచిదే. జనం వస్తే ఏం చెయ్యాలో అంతకంటే అవసరం మనకు.

ప్రభుత్వాలకు తెలిసిన తేలిక మార్గం నిషేధం. కందుకూరు, గుంటూరు సభల్లో ప్రాణాలు పోయాక 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబరు 1 తెచ్చింది. మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. సంధ్య ఘటన తరువాత తెలంగాణలో బెనిఫిట్ షోలు ఉండవన్నారు. జనం కలిసి నవ్వాలనీ అరవాలనీ కోరుకోవడం తప్పు కాదు, దాన్ని మూసేస్తే ఇంకో సందు వెతుక్కుంటుంది. నిషేధం కంటే హైదరాబాద్ నుమాయిష్ ఉదాహరణ మేలు. 1938 నుంచి నడుస్తున్న ఆ ప్రదర్శనలో 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి వందల స్టాళ్ళు కాలిపోయాయి, అదృష్టం బాగుండి ఎవరూ చనిపోలేదు. వ్యాజ్యం హైకోర్టుకు వెళ్ళింది, అగ్నిమాపక ఏర్పాట్ల మీద నిలదీతలు జరిగాయి. నుమాయిష్ ఆగలేదు. ప్రాణాలు పోకముందే నేర్చుకునే అవకాశం అరుదుగా వస్తుంది, అక్కడ వచ్చింది.

2027లో గోదావరి పుష్కరాలు మళ్ళీ వస్తున్నాయి. మొక్కుతో వచ్చేవాళ్ళతోపాటు నదిని చూడ్డానికి, నలుగురిలో కలవడానికి వచ్చేవాళ్ళూ లక్షల్లో ఉంటారు. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో 27 మంది పోయారు. జస్టిస్ సోమయాజులు కమిషన్ నివేదిక 2018లో శాసనసభ ముందుకు వచ్చినప్పుడు అందులో ముహూర్తం మీద జరిగిన ప్రచారానికీ ప్రజల నమ్మకానికీ పెద్ద వాటా దక్కింది. ఈసారి కమిషన్ అవసరం పడకముందే ఒక పని చెయ్యవచ్చు. ప్రతి ఘాట్ ముందూ, దూరం నుంచే కనిపించేంత పెద్ద అక్షరాలతో, మూడు సంగతులు రాసిన బోర్డు పెట్టాలి. ఈ మెట్ల మీద ఒకేసారి ఎంతమంది నిలవవచ్చు. బయటికి దారులు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని మీటర్లు. ఆ లెక్క కట్టిన ఇంజనీరు పేరు, జనాన్ని ఆపే అధికారమున్న అధికారి పేరు, వాళ్ళ ఫోను నంబర్లు.